పాళీ – అక్షరం

పాఠ్యభాగ ఉద్దేశం: చవకైన సిరా కలానికి పాళీ మారితే వ్రాత ఎట్లా మారుతుందో, తెలుగు లిపికి ఎటువంటి పాళీ ఒప్పుతుందో, ఎందుకు ఒప్పుతుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

హైదరాబాదులో నాంపల్లి రైల్వేస్టేషను దగ్గర దిగి తూర్పు దిక్కుగా నడిస్తే కొద్దిసేపటిలోనే అబిడ్స్ కూడలి చేరుకోవచ్చు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ నడిపిన దుకాణం వల్ల ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. పెద్ద తపాలా కార్యాలయం ఇక్కడ ఉంది. ఆదివారంనాడు కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారు. 1949లో ప్రారంభమైన ఉర్దూ దినపత్రిక ‘సియాసత్’ కార్యాలయం ఈ వీధిలోనిదే. అటు నాంపల్లిలో ఇంటర్మీడియట్ విద్యామండలి కార్యాలయం ఉంది. ఏటా సాధారణంగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ జరిగే మైదానం కూడా అక్కడిదే. చదువుకు, వ్రాతకు సంబంధించిన ఇన్ని విషయాలు ఒక్కచోట చేరిన ప్రాంతంలో కలాల వ్యాపారం వర్ధిల్లడంలో వింత లేదు. 1928లో స్థాపితమైన దక్కన్ పెన్ స్టోర్స్ పేరు అబిడ్స్‌తో విడదీయరానిదై పోయింది. ఎబొనైటుతో చేతిపనిగా తయారైన దాని ‘అడ్వకేట్’ కలం న్యాయవాదుల జేబులలోనే కాక ఉపాధ్యాయుల జేబులలోనూ కనిపించేది.

నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చేరడానికి మహబూబ్‌నగర్ జిల్లా పల్లె నుండి ఈ నగరానికి వచ్చినప్పుడు మా నాయన తన కలాన్ని నా చేతిలో పెట్టి పంపాడు. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్నవాడు. ఆ కలంతో ఉర్దూలో ఉత్తరాలు వ్రాస్తే పక్కింటివారు కూడా వచ్చి చూసి మెచ్చుకొనేవారు. అటువంటి కలం చేతికి వచ్చాక నా దస్తూరికి ఇక లోటు లేదనుకొన్నాను. కాని మొదటి మూడు నెలల పరీక్షలో తెలుగు అధ్యాపకులు నా జవాబుపత్రం అంచున ఎర్రసిరాతో ఇలా వ్రాశారు: “కథా? కధా? పాఠమా? పారమా? చదివేవాడు ఊహించుకోవాలా?” నాలుగు మార్కులు పోయాయి. నాకు థకారం తెలియక కాదు. నేను చుక్క పెట్టాను. అయితే ఆ చుక్క కాగితం మీద మిగలలేదు.

ఎందుకు మిగలలేదో తెలుసుకోవాలంటే ముందుగా పాళీ పనిచేసే తీరు తెలియాలి.

సిరా కలంలో అసలు పని జరిగేది పాళీ మొనలోనే. ఉక్కు రేకును వంచి, దాని కొనకు గట్టి లోహపు పూసను అతికిస్తారు. ఆ పూసను మధ్యగా కోస్తూ సన్నని చీలిక వేస్తారు. చీలిక చివర చిన్న రంధ్రం ఉంటుంది. పాళీ కింద ఉండే భాగాన్ని మనవాళ్లు ‘నాలుక’ అంటారు. దాని మీద సన్నని గాడులు ఉంటాయి. గొట్టంలోని సిరా ఈ గాడుల గుండా పాళీ చీలికకు చేరుతుంది. అంత మేరకు గాలి లోపలికి పోతుంది. ఇరుకైన సందులోనికి ద్రవం తనంత తానే పాకే గుణాన్ని కేశనాళికా చర్య అని మీరు భౌతికశాస్త్రంలో చదువుకొని ఉంటారు. ఈ గుణాన్ని అదుపులో పెట్టే నాలుకకు అమెరికాలో లూయిస్ ఎడ్సన్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందాడు. అంతకు ముందు కలాలు ఉండకపోలేదు. సిరా ఒకసారి రాదు, ఒకసారి కుప్పగా కారిపోతుంది.

మొనలోని ఆ పూసను ఎంత సన్నగా అరగదీస్తే గీత అంత సన్నగా వస్తుంది. దీనినిబట్టే ఎక్స్‌ట్రా ఫైన్, ఫైన్, మీడియం, బ్రాడ్ అనే పేర్లు ఏర్పడ్డాయి. వాటిని అతి సన్నం, సన్నం, మధ్యమం, వెడల్పు అని మనం చెప్పుకోవచ్చు. ఐరోపా పాళీలలో వీటి గీతలు సుమారుగా 0.4, 0.6, 0.8, 1.0 మిల్లీమీటర్లు ఉంటాయి. ఇది అందరూ ఒప్పుకొన్న కొలత కాదు. జపాను పాళీలు దాదాపు ఒక మెట్టు సన్నం. జపాను మధ్యమం ఐరోపా సన్నానికి దగ్గరగా ఉంటుంది. వారి లిపిలో ఒక్క అక్షరంలోనే పది, పదిహేను గీతలు ఇమడవలసి రావడమే దీనికి కారణం. లిపి స్వభావాన్నిబట్టి పాళీ మారుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇక్కడ ఒక పొరపాటును తొలగించాలి. దుకాణంలో ‘5వ నంబరు పాళీ’, ‘6వ నంబరు పాళీ’ అని అడిగేవారున్నారు. ఆ నంబరు పాళీ ఒళ్లు ఎంత పెద్దదో, ఏ కలంలో ఇముడుతుందో తెలుపుతుంది. గీత మందానికి దానితో సంబంధం లేదు. చేటంత పాళీకి కూడా సూదిమొన ఉండవచ్చు. చూపులకు పెద్ద పాళీ గంభీరంగా ఉంటుందని కొని, తరువాత విచారించినవారిని నేను ఎరుగుదును. వారిలో నేనూ ఒకణ్ణి కనుక పేర్లు చెప్పనవసరం లేదు.

తెలుగు లిపి విషయానికి వద్దాం. మన పూర్వులు తాటాకు మీద గంటంతో వ్రాశారు. నిలువు, అడ్డగీతలు గట్టిగా గీస్తే ఆకు చీలుతుందని, అందుచేతనే మన అక్షరాలు గుండ్రదనం సంతరించుకొన్నాయని చెబుతారు. గంటం గీసిన గీత మొదటి నుండి చివరి వరకు ఒకే మందంతో ఉంటుంది. ఆ గీతలో మసి రుద్దితే అక్షరం కనిపిస్తుంది. అంటే తెలుగు అక్షరానికి ప్రాణం గీత మందంలో లేదు. గీత తిరిగిన వంపులోను, ఆ వంపు లోపల మిగిలిన ఖాళీలోను ఉంది. ‘ర’ లోపల చుక్క పెడితే ‘ఠ’. ‘ధ’ లోపల చుక్క పెడితే ‘థ’. తలకట్టు ‘ప’కారాన్ని అంటదు, ‘వ’కారాన్ని అంటుతుంది. గుడికి, గుడిదీర్ఘానికి భేదం ఒక చిన్న మెలిక మాత్రమే. ఒక్క చుక్క, ఒక్క ఎడం, ఒక్క మెలిక పూడిపోతే మాటే మారిపోతుంది.

దీనిని లెక్కవేసి చూడండి. నోటుపుస్తకంలో మనం వ్రాసే సున్న వెలుపలి అంచు నుండి వెలుపలి అంచుకు 2 మిల్లీమీటర్లు ఉందనుకొందాం. అతి సన్నని పాళీతో వ్రాస్తే లోపల 1.2 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. సన్నని పాళీతో 0.8, మధ్యమంతో 0.4. వెడల్పు పాళీతో మిగిలేది ఏమీ లేదు. సున్న పోయి నల్లని చుక్క నిలుస్తుంది. ఇప్పుడు ‘ఠ’ చూడండి. అక్షరం 3 మిల్లీమీటర్లు ఉంటే మధ్యమ పాళీతో లోపలి ఖాళీ 1.4 మిల్లీమీటర్లు. ఆ పాళీతో పెట్టిన చుక్క తక్కువలో తక్కువ 1 మిల్లీమీటరు ఉంటుంది. ఇరువైపులా మిగిలేది 0.2 మిల్లీమీటర్లు మాత్రమే. చవక కాగితం మీద సిరా ఆ మాత్రం పాకకుండా ఉండదు. చుక్క గోడకు అంటుకొంటుంది. ‘పాఠము’ ‘పారము’ అవుతుంది. నా నాలుగు మార్కులు పోయింది ఆ 0.2 మిల్లీమీటర్లలోనే.

మార్కులు పోయిన ఆ వారమే ఒక సాయంత్రం అబిడ్స్‌లోని ఒక చిన్న కలాల దుకాణానికి వెళ్లాను. ముసలాయన గల్లాపెట్టె వెనుక కూర్చొని ఉన్నాడు. కలం మూత తీసి, పాళీని భూతద్దం కింద చూసి, నన్ను అడిగిన మొదటి మాట ఇది:

“ఏం రాస్తవ్ బేటా? ఉర్దూనా, తెలుగా?”

తెలుగు అన్నాను. ఆయన నవ్వాడు.

“ఇది ఖత్ కొట్టిన పత్తి. ఉర్దూకు మంచిగుంటది. తెలుగుకు పనికిరాదు.”

పాళీనే ఆయన పత్తి అన్నాడు. ‘ఖత్’ అంటే కలం మొనను ఏటవాలుగా నరికిన కోత. ఉర్దూ లేఖకులకు ఆ కోతే ప్రాణం. రెల్లుకలం మొనను ఏటవాలుగా కోసి, ఆ మొన వెడల్పుతో ఒక చుక్క పెడతారు. దానిని ‘నుఖ్తా’ అంటారు. ప్రతి అక్షరం ఎన్ని నుఖ్తాల పొడవు ఉండాలో, ఎన్ని నుఖ్తాల వంపు తిరగాలో ఆ చుక్కతోనే కొలుస్తారు. కలం ఒక దిక్కుకు కదిలితే గీత లావుగా, మరొక దిక్కుకు కదిలితే వెంట్రుకవలె సన్నగా వస్తుంది. నస్తాలీఖ్ లిపి అందం ఆ లావు సన్నాల ఒయ్యారంలోనే ఉంది. హైదరాబాదు ఉర్దూ పత్రికలను ‘కాతిబ్’లనే లేఖకులు చాలాకాలం పాటు పుటలు పుటలుగా చేతితో వ్రాసేవారు. 1990లలో కంప్యూటరు అక్షరాలు వచ్చాక ఆ వృత్తి క్షీణించింది. మా నాయన కాతిబు కాడు. కాని అదే సంప్రదాయంలో చేయి తిప్పుకొన్నవాడు. ఆయన చేతిలో అందం తెచ్చిన పాళీయే నా చేతిలో అక్షరాలను మసిబార్చింది. దోషం పాళీది కాదు, నాదీ కాదు. రెండు లిపుల స్వభావాలు వేరు.

“అయితే అన్నిటికన్నా సన్నటిది ఇవ్వండి తాతా” అన్నాను.

“తొందరపడకు. రాసి చూడు” అని ఆయన ఒక పాళీ బిగించి ఇచ్చాడు. వ్రాశాను. సున్నలు విప్పారాయి, చుక్కలు నిలిచాయి. కాని కలం కరకరలాడింది. ‘మ’ కొమ్ము పైకి తిప్పేటప్పుడు కాగితం పీచు మొనలో చిక్కుకొంది.

సన్నని పాళీతో వచ్చే చిక్కు ఇదే. మొన ఎంత సన్ననైతే కాగితాన్ని తాకే చోటు అంత చిన్నది. అది గరుకును దాటలేక గుచ్చుకొంటుంది. కిందికి లాగే గీతలో అంతగా తెలియదు. పైకి నెట్టే గీతలో, పక్కకు తిప్పే గీతలో తెలుస్తుంది. ఇంగ్లీషు అక్షరాలలో కిందికి దిగే గీతలు ఎక్కువ. తెలుగు అక్షరమో, చక్రంవలె తిరుగుతుంది. ప్రతి అక్షరంలోను కలం నాలుగు దిక్కులకూ పోవాలి. కాబట్టి మన లిపి పాళీని రెండు పరస్పర విరుద్ధమైన కోరికలు కోరుతుంది. లోపలి ఖాళీ నిలవడానికి సన్నదనం కావాలి. గుండ్రంగా తిరగడానికి నునుపుదనం కావాలి. సన్నదనం పెరిగితే నునుపు తగ్గుతుంది, నునుపు పెరిగితే గీత లావవుతుంది. తెలుగు వ్రాసేవాడు పాళీని ఎంచుకోవడమంటే ఈ రెంటికీ రాజీ కుదర్చడమే.

ఆ ముసలాయన కుదిర్చిన రాజీ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫైన్ అని ముద్ర ఉన్న మామూలు ఉక్కుపాళీ తీశాడు. దాని మొనను నున్నని రాతి మీద ఎనిమిది అంకె ఆకారంలో కొన్నిసార్లు మెల్లగా తిప్పాడు. వేలిగోరు మీద గీసి చూశాడు. నాలుకకు మరికాస్త దగ్గరగా నొక్కి సిరా ధారను తగ్గించాడు. అంతే. కలం పాతదే, సిరా పాతదే. ‘కథ’ అని వ్రాస్తే కథగానే వచ్చింది. పాళీకి తీసుకొన్న డబ్బు ఆనాడు రెండు నోటుపుస్తకాల ధరకు మించలేదు. పాత పాళీని కాగితంలో చుట్టి ఇస్తూ, “ఇది నీ నాయినకు ఇయ్యి. పారెయ్యకు” అన్నాడు.

అధ్యాపకుడినైన తరువాత ఇదే పరీక్షను తరగతి గదిలో చేయించాను. ఒకే రకం చవక కలం, ఒకే నీలి సిరా, ఒకే నోటుపుస్తకం, నాలుగు పాళీలు. వ్రాయవలసిన వాక్యం “కఠినమైన శాస్త్రపాఠం కంటే కథ సుగమం” అన్నది. అతి సన్నని పాళీతో వ్రాసినవారి అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి కాని నీరసంగా కనిపించాయి. రెండవ పుటకు వచ్చేసరికి చేయి నొస్తున్నదన్నారు. మధ్యమ పాళీ పట్టినవారిలో పెద్ద అక్షరాలు వ్రాసేవారు గట్టెక్కారు. చిన్నగా వ్రాసేవారికి ‘స్త్ర’ కింది ఒత్తులు ముద్ద కట్టాయి. వెడల్పు పాళీ సంతకానికి, శీర్షికకు దివ్యంగా ఉంది; వాక్యానికి కాదు. సన్నని పాళీ ఎక్కువమందికి ఒప్పింది. ఒక అమ్మాయి మాత్రం మధ్యమమే తనకు హాయిగా ఉందని పట్టుబట్టింది. చూస్తే ఆమె గీత విడిచి గీత వ్రాస్తున్నది. పాళీకి తగినట్టు అక్షరాన్ని పెంచుకోవడం కూడా ఒక పరిష్కారమే కదా. జవాబుపత్రంలో పుటలు చాలకపోవడమే అక్కడ చిక్కు.

గీత మందాన్ని పాళీ ఒక్కటే నిర్ణయించదు. పలుచని సిరా ఎక్కువగా పాకుతుంది. సిరాను పీల్చే కాగితం మీద సన్నం మధ్యమమవుతుంది, మధ్యమం వెడల్పు అవుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది చేతి ఒత్తిడి. బంతికలంలో చిక్కని సిరాను మోసే గోళీ దొర్లాలంటే నొక్కక తప్పదు. ఆ అలవాటుతోనే సిరా కలాన్ని నొక్కితే మొన రెండు పాయలుగా విచ్చుకొని గీత లావవుతుంది. కొన్నాళ్లకు ఆ పాయలు మళ్లీ కలుసుకోవు. అప్పుడు పాళీ చెడ్డదని తిట్టుకొంటాం. మూడు గంటల పరీక్షలో చివరి గంట అక్షరం మొదటి గంట అక్షరంకంటె లావుగా ఉండడానికి కారణం తరచుగా ఇదే. మూల్యాంకనంలో ఇటువంటి జవాబుపత్రాలు ఎన్నో చూశాను. విషయం తెలిసిన విద్యార్థి అని తెలుస్తూనే ఉంటుంది. కాని ‘రథము’ అన్నాడో ‘రధము’ అన్నాడో తేల్చుకోలేక ఎర్రకలం ఆగుతుంది. దిద్దేవాని దయ మీద ఆధారపడే మార్కు అది.

ఖరీదైన కలం కొంటే ఈ చిక్కులు తీరుతాయా? తీరవు. బంగారు పాళీ తుప్పు పట్టదు, కొంత మెత్తగా వంగుతుంది. పూర్వం సిరాలలో ఆమ్లగుణం ఎక్కువగా ఉండి ఉక్కును తినేది కనుక బంగారానికి విలువ ఉండేది. నేటి మామూలు సిరాలకు తుప్పు పట్టని ఉక్కు చక్కగా చాలుతుంది. పైగా కాగితాన్ని తాకేది బంగారమూ కాదు, ఉక్కూ కాదు. కొనన ఉన్న గట్టి పూస. ఆ పూసను సరిగా సాన పట్టారా లేదా అన్నదే ప్రశ్న. చవకైన మంచి కలానికి మన ప్రాంతంలో చరిత్ర లేకపోలేదు. రాజమహేంద్రవరంలో కె.వి.రత్నం 1932లో కలాల తయారీ ప్రారంభించాడు. ఆయన పంపిన కలాన్ని వాడి చూసి, విదేశీ కలాలకు అది మంచి ప్రత్యామ్నాయమని గాంధీజీ 1935లో ఉత్తరం వ్రాశారు. కలం కొనేటప్పుడు మీరు చేయవలసిన పని కూడా అదే: వాడి చూడడం. ధర అడగకముందు దుకాణంలోని కాగితం మీద కాక, మీరు రోజూ వ్రాసే నోటుపుస్తకంలో, మీరు రోజూ వ్రాసే పరిమాణంలో ‘కఠినం’, ‘కథ’, ‘శాస్త్రం’ వ్రాసి చూడండి.

ఆ సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లి పాత పాళీని నాయనకు ఇచ్చాను. ఆయన నా కలం అడిగి తీసుకొని, కొత్త పాళీ ఊడదీసి, తన పాళీ బిగించి, స్నేహితునికి ఉర్దూలో ఒక కార్డు వ్రాశాడు. మళ్లీ నా పాళీ బిగించి ఇచ్చాడు. ఆ తరువాత నేను ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఇదే జరిగేది. పాత పాళీ అగ్గిపెట్టెలో దూది మీద ఉండేది. నేను కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చేసరికి ఆ అగ్గిపెట్టె అరుగు మీదికి వచ్చి ఉండేది, పక్కన వ్రాయని కార్డులు రెండో మూడో.

అభ్యాసం

1. ‘తెలుగు లిపి పాళీని రెండు విరుద్ధమైన కోరికలు కోరుతుంది’ – వివరించండి.
2. ఉర్దూ వ్రాతకు ఒప్పిన పాళీ తెలుగు వ్రాతకు ఎందుకు ఒప్పలేదు?
3. పాళీ నంబరుకు, గీత మందానికి గల భేదాన్ని తెలపండి.
4. చూచివ్రాత: ఈ పాఠంలోని ఏదైనా ఒక పేరాను రెండు వేర్వేరు పాళీలతో వ్రాసి, మీ మిత్రునితో చదివించండి. అతడు తడబడిన అక్షరాలను గుర్తించి, కారణం వ్రాయండి.